మంజీరతీరమున రోమను దేవతలు

హైదరాబాదు నుండి బొంబాయి పోవు పాత రహదారిని పట్టుకొని, పటాన్‌చెరువు, ఇస్నాపురము, రుద్రారము మీదుగా సంగారెడ్డి వైపు సాగు బాటసారికి ఇరుప్రక్కల మొదట కనబడునవి గుండ్లు: ఎవరో భీమబలులు ఒకదానిపై నొకటి నిలిపి విడిచిపోయినట్లుండు బూడిదవన్నె, ఎరుపువన్నె బండలు, వాని నడుమ ఎర్రచెలకలు, లక్డారము దిక్కున ఆ బండలనే నుగ్గుచేసి నగరమునకు కంకర పంపు క్రషర్ల దుమ్ము. సదాశివపేట దాటి జహీరాబాదు చేరునప్పటికి ఈ గుండ్లు మాయమగును. నేల చదునగును, నల్లరేగడి పరచుకొనును, గుట్టలు బల్లపరుపు తలలతో మెట్లుమెట్లుగా దిగును, అక్కడక్కడ జేగురురంగు రాయి బయటపడును. ఈ మార్పును రైతు తన పంటలో గుర్తించును, బావి త్రవ్వువాడు తన గడ్డపారతో గుర్తించును. భూగర్భశాస్త్రజ్ఞుడు మాత్రము దీనిని గుర్తించుటకు ఇద్దరు రోమను దేవతలను పిలిచెను. పటాన్‌చెరువు గుండ్లు భూమి లోతులలో చల్లారి గట్టిపడిన గ్రానైటు గనుక పాతాళపతియైన ప్లూటో పేర 'ప్లుటోనిక్' శిలలైనవి. జహీరాబాదు నల్లరాయి భూమిపైకి పొరలిపారిన లావా గనుక కమ్మరిదేవుడైన వల్కన్ పేర 'వోల్కానిక్' శిల యైనది. మొదటిది ఇంచుమించు 250 కోట్ల యేండ్లనాటిది, రెండవది ఆరున్నర కోట్ల యేండ్లనాటిది. ఈ విధముగా సంగారెడ్డి జిల్లాను, ఆ జిల్లా అను మాట పుట్టకముందే, ఇద్దరు విదేశీ దేవతలు పంచుకొనిరి.

ఈ పంపకము ఊరక జరుగలేదు. పదునెనిమిదవ శతాబ్ది కడపట యూరపు విద్వాంసుల నడుమ శిలల పుట్టుకను గూర్చి పెద్ద వివాదము చెలరేగెను. జర్మనీలోని ఫ్రైబర్గు గనుల విద్యాలయమున 1775 నుండి పాఠము చెప్పిన వెర్నరు, గ్రానైటుతో సహా పూర్వశిలలన్నియు ఆదిసముద్రజలముల నుండి పేరుకొన్నవే యనెను. ఆయన పక్షమువారికి సముద్రదేవుడైన నెప్ట్యూన్ పేర 'నెప్ట్యూనిస్టులు' అను బిరుదు వచ్చెను. ఎడింబరో వాడైన జేమ్స్ హట్టన్ 1785లో చదివి 1788లో అచ్చువేయించిన తన సిద్ధాంతమున, కాదు, భూమి కడుపులోని వేడియే వానిని కరగించి పోతపోసినదనెను; ఆయన అనుచరులు 'ప్లుటోనిస్టు' లైరి. ఆదివారమున చర్చికి పోయి ఏకేశ్వరుని ప్రార్థించి వచ్చిన పండితులు, సోమవారమున విద్యాలయమున పురాతన రోము దేవతల ధ్వజముల క్రింద చీలి యుద్ధము చేయుట చూచిన మనకు నవ్వు రావచ్చును. కాని ఆ పేర్లలో భక్తి లేదు. లాటిను చదివిన ప్రతివానికి చప్పున అర్థమగు సౌలభ్యము మాత్ర మున్నది. ఆ సౌలభ్యమే తరువాతి కథయంతయు నడిపినది.

ఆ వాదము చల్లారుచుండగనే దాని పరిభాష దక్కనునకు వచ్చెను. లాంబ్టన్ దొర నడిపిన మహాత్రికోణమితి సర్వేలో 1818 నుండి వైద్యుడుగను, భూగర్భశాస్త్రజ్ఞుడుగను ఉన్న హెన్రీ వాయిసీ హైదరాబాదు రాజ్యపు రాళ్లను నడచి చూచి వ్రాసినవాడు. ఇక్కడి గ్రానైటు మీద నల్లని లావారాయి కప్పుకొనియున్న తీరును శాస్త్రదృష్టితో గమనించిన తొలివారిలో ఆయన యొకడు. 1824లో మరణించెను. ఈ దేశపు భూగర్భశాస్త్రమునకు ఆయనను పితామహునిగా చెప్పుదురు గాని, నిజాము రాజ్యపు బండలపై తన ఆయువు ధారపోసిన ఆ మనుష్యుని పేర ఇక్కడ ఒక గుట్టయైనను లేదు. శాస్త్రజ్ఞులు దేవతలకు పెట్టినంత ఉదారముగా తమ తోటివారికి పేర్లు పెట్టరు కాబోలు.

రోమను దేవతలు ప్రకృతిలో కాపురము పెట్టిన తీరు తెలియవలెనన్న సిసిలీకి ఉత్తరమున నున్న చిన్న ద్వీపము దగ్గర మొదలుపెట్టవలెను. దాని కొండ నుండి వెడలు పొగను జూచి రోమనులు అది వల్కన్ కొలిమి యని తలచిరి. ద్వీపమునకు వల్కానో యని పేరు కలిగెను. కాలక్రమమున ఆ యొక్క ద్వీపపు పేరే భూగోళముపై నిప్పుగ్రక్కు కొండలన్నిటికిని సామాన్యనామమై, జపానులోని కొండకును, ఆండీసు కొండకును, మన దక్కను రాతికిని అంటుకొనెను. వల్కన్‌నకు ప్రతి సంవత్సరము ఆగస్టు 23వ తేదీన ఉత్సవము జరిగెడిది. వేసవి యెండలో గాదెలు తగులబడకుండ కాపాడుమని మ్రొక్కుచు బ్రదికియున్న చిరుచేపలను మంటలో వేసెడివారు. నిప్పును మంచిదిగా కాక, బుజ్జగించి దూరముగ నుంచవలసినదిగా చూచిన పూజ యది. పారిశ్రామికవాడలో బాయిలరు ప్రక్కన పనిచేయువారికి ఆ భావము మనకంటె బాగుగ తెలియును.

తక్కిన దేవతలకును భూమిపై చోటు దొరకినది. ఆల్ప్సు పర్వతములు దాటు ఒక ఎత్తైన కనుమకు జూపిటరు కొండ యని పేరు. అక్కడి గుడిలో ప్రయాణికులు క్షేమముగ దాటితి మని కంచురేకులపై చెక్కించి మ్రొక్కు చెల్లించుకొనిరి. టైబరు నదికి టైబెరినసు అను తండ్రిదేవుడు అధిష్ఠాత. నేపుల్సు చేరువనున్న అవెర్నసు సరస్సు, చచ్చిన అగ్నిపర్వతపు నోట నిలిచిన నీరు, పాతాళద్వారముగ ప్రసిద్ధికెక్కెను. అన్నిటను పద్ధతి యొకటియే: ఎచ్చట ప్రకృతి మానవుని బెదరించునో, లేక పోషించునో, అచ్చట ఒక దేవత నిలుపబడెను.

ఇందులో మనకు క్రొత్తదన మేమియు లేదు. మంజీర మహారాష్ట్రములోని బాలాఘాటు కొండలలో పుట్టి, బీదరు మీదుగా మన జిల్లా చొచ్చి, సింగూరు దాటి, మెదకు సీమలో నాగసానిపల్లి దగ్గర బండల నడుమ ఏడు పాయలై చీలి మరల కలియును. ఆ ఏడింటికి జమదగ్ని, అత్రి, కశ్యప, విశ్వామిత్ర, వసిష్ఠ, భరద్వాజ, గౌతములని ఋషుల పేర్లు. జనమేజయుని సర్పయాగము అక్కడనే జరిగినదని జనుల నమ్మకము. ఏడుపాయల వనదుర్గకు శివరాత్రినాడు జాతర. ఇంచుమించు ఇదే ఋషులను మనవారు ఉత్తరాకాశమున ఏడు చుక్కలలో గూడ నిలిపిరి. రోమనులు ఆ ఏడు చుక్కలలో చూచినది ఏడు దుక్కిటెద్దులను. అందుచేతనే లాటినులో ఉత్తరదిక్కునకు 'ఏడెద్దుల దిక్కు' అనియే పేరు. ఒకరు గడ్డపు ఋషులను చూచిరి, ఒకరు నాగలి పశువులను చూచిరి. వ్యవసాయప్రధానమైన దేశము మనదని చెప్పుకొనువారు ఈ విషయమున రోమనుల వైపు ఒకసారి చూడవలెను.

గ్రహముల సంగతి యింతకంటె చిక్కైనది. కంటికి కనబడు అయిదు గ్రహములకు దేవతల పేర్లు పెట్టుట రోమనుల సృష్టి కాదు. బాబిలోనియనులు వానిని నబూ, ఇష్తార్, నెర్గల్, మర్దూక్, నినుర్త అనిరి. గ్రీకులు ఆ దేవతలకు సరిపడు తమ దేవతలను వెదకి హెర్మెస్, ఆఫ్రొడైటీ, ఆరెస్, జ్యూస్, క్రోనస్ అనిరి. రోమనులు మరల తమవారిని వెదకి మెర్క్యురీ, వీనస్, మార్స్, జూపిటర్, శాటర్న్ అనిరి. చివరి మెట్టున నిలిచినవారి పేర్లే లోకమునకు మిగిలినవి, ఎందుకనగా పిదప వేయి సంవత్సరములకు పైగా పశ్చిమదేశపు చదువంతయు లాటినులోనే సాగినది.

అవే వెలుగులను మనవారు చూచి వేరు కథలు చెప్పిరి. ఎఱ్ఱని గ్రహమున ఇరువురకును రక్తమే తోచినది: వారికి యుద్ధదేవుడైన మార్స్, మనకు నిప్పుకణమువంటి అంగారకుడు, భూమిపుత్రుడైన కుజుడు. కాని మిక్కిలి వెలుగు గ్రహమున వారు ప్రణయదేవతను చూడగా, మనము ఒంటికంటి అసురగురువును చూచితిమి. పెద్ద గ్రహము వారికి దేవతల రాజు, మనకు దేవతల గురువు. అధికారమునకు వారిచ్చిన పీఠమును విద్యకు మనమిచ్చితిమి, కనీసము కథలోనైన. మెల్లగ నడచు గ్రహము వారికి కొడవలి పట్టిన పాతకాలపు సేద్యదేవుడు. ఆయన పండుగ దినములలో యజమానులే బానిసలకు వడ్డించెడివారు. మనకు ఆయన ఏలినాటివాడు, తైలాభిషేకమునకు గాని శాంతింపనివాడు.

పేర్లు వేరైనను వరుస మాత్రము ఒక్కటే యగుట ఆశ్చర్యకరము. ఆదిత్యుడు, సోముడు, మంగళుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని: ఈ క్రమము ఆకాశమున కనబడునది కాదు. గ్రహములను మందగతి మొదలు శీఘ్రగతి వరకు శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్రులుగ వరుసపెట్టి, ఒక్కొక్క హోరకు ఒక్కొక్కని అధిపతిగ లెక్కించి, ఇరువదినాలుగు గడచిన పిమ్మట ఇరువదియైదవ హోర ఎవనిదో వానికి మరుదినము నిచ్చినచో, శని తరువాత రవి, రవి తరువాత చంద్రుడు వచ్చును. ఇది హెల్లెనిస్టిక్ జ్యోతిషుల లెక్క. క్రీ.శ. 79లో వెసూవియసు బూడిదలో మునిగిన పాంపేయి గోడపై ఈ దినాధిపతుల పట్టిక గీయబడి యున్నది. మన దేశమున వారము పేర్కొన్న తొలి శాసనము ఏరన్‌లోని బుధగుప్తునిది, క్రీ.శ. 484 నాటిది; ఆనాడు గురువారము. నడుమ నాలుగు శతాబ్దులలో ఈ లెక్క యవనుల ఓడలెక్కి వచ్చినదనుటకు వరాహమిహిరుడే సాక్షి: ఆయన బృహజ్జాతకమున సూర్యునకు హేలి, కుజునకు ఆర, శుక్రునకు ఆస్ఫుజిత్, శనికి కోణ అను నామాంతరములు చెప్పెను. హీలియోస్, ఆరెస్, ఆఫ్రొడైటీ, క్రోనస్‌లే వీరు. సంస్కృత పంచెలు కట్టుకొని శ్లోకములో కూర్చున్నను ముఖము గుర్తుపట్టవచ్చును.

క్రీ.శ. 321లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి సూర్యుని దినమును విశ్రాంతి దినముగ శాసించెను. మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, వారపు మొదటి దినమున, అనగా ఆదివారమున, వయోజన కార్మికుని పనిచేయించరాదని, తప్పనిసరియైనచో బదులు సెలవు ఈయవలెనని విధించినది. బొల్లారములోని మందుల కర్మాగారమున షిఫ్టు మారు కార్మికుడు, రామచంద్రాపురపు బి.హెచ్.ఇ.ఎల్. ఫిట్టరు తమ వీక్లీ ఆఫ్‌ను ఆదివారమని తలచునప్పుడెల్ల ఒక రోమను చక్రవర్తి ఆజ్ఞయొక్క దూరపు ప్రతిధ్వని నందుకొనుచున్నారు.

ఈ రాకపోకలు సంగారెడ్డి ప్రాంతమునకు పరాయివి కావని చూపునది కొండాపురము. సంగారెడ్డికి చేరువనున్న ఈ గ్రామపు పాటిగడ్డను 1940 మొదలు 1942 వరకు హైదరాబాదు రాజ్య పురావస్తుశాఖ, గులాం యజ్దానీ అధ్యక్షతన, త్రవ్వించెను. ఇటుక కట్టడములు, మట్టిబొమ్మలు, పూసలు, శాతవాహనుల నాణేలు కుప్పలుగా బయటపడినవి. టంకశాల యిచ్చటనే యుండెనని పండితులు తలచుటకు తగినన్ని. వానితోపాటు అగస్టసు చక్రవర్తి బంగారు నాణెమును దొరకినది. నాకు బంగారు నాణెముకంటె విలువైనవిగ తోచునవి అచ్చటి మట్టిబిళ్లలు. రోమను నాణెమును అచ్చుగ తీసి, చక్రవర్తి తలను మట్టిలో దించి, కాల్చి, తాడు గ్రుచ్చుటకు రంధ్రము పెట్టి మెడలో ధరించిరి. బంగారము వర్తకుని పెట్టెలో మూలుగును. మట్టిబిళ్ల సామాన్యస్త్రీ మెడలో ఊరేగును. ఎవ్వరో ఎరుగని దేశపు రాజు తల ఆమెకు అలంకారము, బహుశః రక్ష. ఆ రాజు దేవతల పేర్లు ఆమె చెవిని పడినవో లేదో గాని, ఆ రాజు ముఖము మాత్రము మంజీర తీరమునకు వచ్చినది.

దారియు తెలిసినదే. గ్రీకు నావికుడొకడు వ్రాసిన పెరిప్లసు అను గ్రంథము, తగర పట్టణమునుండి ముతక గుడ్డలు, సన్నని బట్టలు బండ్లపై భరుకచ్ఛపు (నేటి భరూచ్) రేవునకు పోవుచుండెననియు, ఆ రేవునకు ద్రాక్షసారాయి, రాగి, తగరము, సీసము దిగుచుండెననియు చెప్పుచున్నది. తగర పట్టణము నేటి తేర్. అది తేర్ణా యొడ్డున నున్నది. తేర్ణా మంజీరకు ఉపనది. శాతవాహనులు విరివిగ ముద్రించినవి సీసపు నాణేలు. సీసమును పశ్చిమదేశపు రసవాదులు శాటర్న్ లోహమనిరి, రాగిని వీనస్‌ది, ఇనుమును మార్స్‌ది అనిరి. పాదరసమునకైతే మెర్క్యురీ పేరే స్థిరపడినది. మన రసశాస్త్రమున పాదరసము శివబీజము. చేతికి చిక్కని ఆ లోహమును జూచిన ఇరుదేశములవారికిని మానవనామములు చాలలేదు.

క్రొత్త గ్రహములు దొరకిన కాలమున పేర్ల కథ వింతమలుపు తిరిగెను. 1781 మార్చి 13న విలియం హెర్షెల్ ఒక క్రొత్త గ్రహమును కనుగొని, తన ప్రభువు మూడవ జార్జి పేర దానిని జార్జి నక్షత్ర మనవలె ననెను. ఫ్రెంచివారు దానికి సమ్మతింతురా? బెర్లినులోని బోడె చిన్న తర్కము చేసెను: జూపిటరుకు తండ్రి శాటర్న్, శాటర్న్‌కు తండ్రి యెవరో ఆ పేరు పెట్టుడు. అట్లు యురేనస్ వచ్చెను, అదియు రోమను పేరు కాక గ్రీకు పేరే. ఇంగ్లండు నావికపంచాంగము 1850 వరకు పట్టుబట్టి జార్జినే అచ్చువేసెను. 1846 సెప్టెంబరు 23న ఫ్రెంచి గణితవేత్త లవెరియే లెక్కను పట్టుకొని గాలె చూచిన గ్రహమునకు లవెరియే యొకదశలో తన పేరే పెట్టించుకొనజూచెను, నెప్ట్యూనే నిలిచినది. రాజు పేరైనను, గణితవేత్త పేరైనను ఇతరదేశములవారు ఒప్పుకొనరు. పూజించువారు లేని దేవత పేరైనచో ఎవ్వరికిని అభ్యంతర ముండదు. రోమను దేవతలు నిలుచుటకు కారణము వారి మహిమ కాదు, వారికి పక్షము లేకపోవుటయే. 1930లో దొరకిన ప్లూటోకు ఆక్స్‌ఫర్డులోని పదునొకండేండ్ల బాలిక వెనీషియా బర్నీ పేరు సూచింపగా ఖగోళజ్ఞులు తలయూచిరి; 2006లో ప్రాగు నగరమున వారే దానిని గ్రహపంక్తి నుండి లేపిరి. మన తెలుగున ఈ క్రొత్త గ్రహములకు వరుణేంద్రాది నామములు వెదకక యురేనస్, నెప్ట్యూన్ అనియే ఉంచుట మేలని నా తలంపు.

పటాన్‌చెరువువారికి వీరందరిలో దగ్గరిది సీరెస్. 1801 జనవరి 1న పలెర్మోలో పియాజ్జీ కనుగొన్న చిన్న గోళమునకు సిసిలీ ద్వీపపు సస్యదేవత పేరు పెట్టెను. ధాన్యపు పంటలను ఇంగ్లీషువారు 'సీరియల్స్' అనునది ఆమె పేరుననే. 1972లో పటాన్‌చెరువు దగ్గర మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధనాసంస్థ యైన ఇక్రిశాట్ స్థాపింపబడినప్పుడు ఆ స్థలము నెన్నుకొనుటకు ఒక ముఖ్యకారణము, ఒకే ఆవరణలో ఎర్రనేలయు, నల్లనేలయు దొరకుట: ప్లూటో నేల, వల్కన్ నేల ప్రక్కప్రక్కన. ఆ నేలలపై జొన్న, సజ్జ వంటి ధాన్యములను, శనగ, కంది, వేరుశనగలను మెట్టరైతు కొఱకు మెరుగుపరచుట సంస్థ పని. లక్షకు మించిన విత్తనపు మాదిరులు అక్కడి చల్లని గదులలో భద్రముగ నున్నవి. అటు జహీరాబాదు దగ్గర పస్తాపూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళితస్త్రీలు ప్రతి సంక్రాంతి వేళ ఎడ్లబండ్లపై కొఱ్ఱ, సామ, ఆరికల విత్తనములను ఊరేగించి పాతపంటల జాతర జరుపుదురు. రోములో ఏప్రిలు నెలలో సీరెస్‌కు జరిగిన ఉత్సవము ఏనాడో ఆగినది. ఈ జాతర జరుగుచున్నది.

సీరెస్ గోళముపై 2015లో డాన్ అను అంతరిక్షనౌక చేరి పటములు తీయగా, అందలి గుంటలకు లోకమందలి సస్యదేవతల పేర్లు పెట్టవలెనని అంతర్జాతీయ ఖగోళ సంఘము నియమించెను. వానిలో ఒక పెద్దగుంట పేరు ఉర్వర, సంస్కృతమున సారవంతమైన పంటనేల. ఈ సంఘము 1919లో పుట్టినది. దాని పీఠమున 1979 నుండి 1982 వరకు కూర్చున్న ఖగోళజ్ఞుడు వైను బప్పు హైదరాబాదున పెరిగినవాడు; తండ్రి నిజామియా వేధశాలలో పనిచేసెను, కుమారుడు నిజాం కళాశాలలో చదివెను. బేగంపేటలోని ఆ వేధశాల నవాబు జఫర్ జంగు దూరదర్శినితో మొదలై, తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరి, ప్రపంచ వేధశాలలు కలిసి చేసిన ఆకాశపట నిర్మాణమున తన వంతు భాగమును, లక్షల నక్షత్రముల స్థానములను, కొలిచి పన్నెండు సంపుటములుగ ప్రకటించెను. ఆ లక్షల చుక్కలలో ఒక్కదానికిని దేవత పేరు లేదు, అంకెలే. దేవతలు చాలక పోయిన చోట అంకెలు మొదలగును.

అంకెలు వలదనుకొన్న చోట సంఘపు నియమములు చక్కనివి. మెర్క్యురీ గ్రహముపై గుంటలకు కవుల, శిల్పుల, వాగ్గేయకారుల పేర్లే పెట్టవలెను. అందుచేత 1976లో వాల్మీకి, కాళిదాసులతోపాటు త్యాగరాజస్వామి అచ్చటికి చేరెను. కావేరీతీరమున తిరువయ్యారులో కూర్చుండి తెలుగున పాడిన ఉంఛవృత్తి బ్రాహ్మణుని పేర, వర్తకులకును దొంగలకును ఇష్టదైవమైన రోమను దేవుని గ్రహముపై ఇంచుమించు నూరు కిలోమీటర్ల వెడల్పుగల గుంట యున్నది. నిధి చాల సుఖమా యని ప్రశ్నించిన మహానుభావునకు ధనదేవత యింటిలో చోటు! వీనస్‌పై స్త్రీల పేర్లే పెట్టవలెను. మాక్స్‌వెల్ అను పర్వతము వంటి ఒకటిరెండు తప్ప తక్కినవన్నియు ఆడపేర్లే. ఆ పర్వతపు ప్రక్కనే విశాలమైన లక్ష్మీపీఠభూమి. మన శుక్రాచార్యుడు ఈ మార్పునకు ఏమనునో.

ఇక క్రిందికి, మన నేలకు. పటాన్‌చెరువు పేరు చాళుక్యశాసనములలో పొట్టలకెఱె. రెండవ జయసింహుని కాలమున రాజధానీప్రాయమైన పట్టణము. మంజీరకు చేరు ఇచ్చటి వాగుల పేర్లలో దేవతలు లేరు: నక్కవాగు, పాములవాగు, ఇసుకవాగు. చూచినది చెప్పిన పేర్లవి. దేవతలు గ్రామనామములలో నున్నారు. ఎద్దుమైలారము, పాశమైలారము అను రెండు పేర్లలో గుర్రమెక్కి కత్తిపట్టు మైలారదేవుడు, మన మల్లన్న, స్పష్టముగ వినబడును. భానూరన్నచో భానుడును, ఇంద్రేశమన్నచో ఇంద్రుడును తోచుట సహజమే గాని తోచినదెల్ల ప్రమాణము కాదు. శాసనము చూపనిదే ఒప్పుకొనరాదు. ఎద్దుమైలారములో 1984లో ఆయుధకర్మాగారము వెలసి సైనికశకటములు తయారగుచున్నవి. కత్తిదేవుని యూరికి తగిన వృత్తియే. 2008లో హైదరాబాదు ఐ.ఐ.టి. మొదట పాఠములు ప్రారంభించినదియు ఆ ఆవరణలోనే, తరువాతనే కందికి మారినది. పాశమైలారము పేరు 2025 జూన్ 30న ఒక ఔషధ కర్మాగారపు పేలుడులో నలువదిమందికి పైగా కార్మికులు మరణించుటచే దేశమంతట వినబడెను. దేవుని పేరు మోసిన ఊరు వార్తాపత్రికకు ప్రమాదస్థలపు పేరుగనే తెలియుట దుఃఖకరము.

నక్కవాగు గతి అంతకు ముందే అట్లైనది. పారిశ్రామికవాడ వ్యర్థజలములు దానిలో కలిసి మంజీర వైపు పారగా, 1990లో విషయము సుప్రీంకోర్టుకెక్కెను. ఆనాటి నుండి ఆ వాగు పేరు రిట్టు పిటిషనులలో, కమిటీ నివేదికలలో జీవించుచున్నది. పాతాళపతి పేర శిలను పిలుచు భూగర్భశాస్త్రజ్ఞులే తరువాత వచ్చి ఆ గ్రానైటు పగుళ్లలోనికి ఏమేమి దిగెనో కొలిచి వ్రాసిరి. రోమను పేర్లు నిలిచినది గుడుల వలన కాదు. నావికుడు, గనివాడు, లెక్కగాడు వానిని ప్రతిదినము వాడుకొనుట వలన. మన వాగుల పేర్లు, కుంటల పేర్లు, బండల పేర్లు వాడువారు తగ్గుచున్నారు: ప్లాట్ల పటములలో సర్వేనంబర్లే మిగులుచున్నవి, కాలనీలకు వచ్చు క్రొత్తపేర్లు ఏ దేశపు దేవతవియు కావు. గ్రామములలోని పెద్దలు ఇంకను కొందరున్నారు. ప్రతి ఊరి బడిపంతులును పిల్లలచేత తమ యూరి కుంట, వాగు, గుట్ట పేర్లను ఒక పుస్తకమున వ్రాయించి పంచాయతీలో నుంచినచో ఖర్చు లేని పని. ఇప్పుడే చేయవలసిన పని.

కొండాపురపు మట్టిబిళ్లలను, నాణేలను చూడగోరువారు పాటిగడ్డ ప్రక్కనున్న పురావస్తుశాఖ వారి మ్యూజియమునకు పోవచ్చును. వీనస్ దినమున, అనగా శుక్రవారము, అది తెరువరు.